స్కోరు 19, వయసు 44: ఈ జన్యు పరీక్షను నమ్మి కీమో మానుకోవచ్చా?

సుధ_హనుమకొండ

అందరికీ నమస్కారం. మా అక్కకు 44 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ రావడంతో ఆపరేషన్ చేసి తీశారు. చంకలోని లింఫు గ్రంథులకు జబ్బు పాకలేదని రిపోర్టులో ఉంది. ఈఆర్, పీఆర్ (హార్మోన్లను అందుకునే గ్రాహకాలు) పాజిటివ్, హెర్2 (కణాల ఎదుగుదలను పెంచే ప్రోటీను) నెగటివ్. నెలసరి ఇంకా వస్తూనే ఉంది. డాక్టరు గారి సలహా మీద గడ్డ తాలూకు బ్లాకును (మైనంలో భద్రపరిచిన ముక్కను) అమెరికాకు పంపించి, ఆంకోటైప్ అనే 21 జన్యువుల పరీక్ష చేయించాము. స్కోరు 19 వచ్చింది. ఆమె వయసువారిలో ఈ స్థాయి స్కోరుకు కీమో వల్ల కలిగే సగటు ప్రయోజనం సుమారు 1.6 శాతం అని అదే కాగితం మీద రాశారు.

ఇప్పుడు ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబుతున్నారు. ఒకరు, వయసు చిన్నది కాబట్టి కీమో ఇస్తేనే నిశ్చింతగా ఉంటుందని అంటున్నారు. రెండోవారు, హార్మోను మాత్రలతో పాటు అండాశయాల పనిని ఆపే ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుందని అంటున్నారు. లక్షలు పోసి చేయించిన పరీక్ష తర్వాత కూడా ఇంత సందిగ్ధం ఉంటే ఆ పరీక్ష దేనికోసమో నాకు అర్థం కావడం లేదు. తెలిసినవారు వివరించగలరు.

ఆంకో_విజయవాడ

సుధ గారూ, నేను మెడికల్ ఆంకాలజిస్టును. మీ అక్కగారిని చూడకుండా చికిత్స చెప్పడం నాకు తగదు. అయితే ఆ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబిస్తుందో చెప్పగలను.

జన్యు గుర్తులు రెండు వేర్వేరు పనులు చేస్తాయి. ఈ జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంత అన్నది ఒక ప్రశ్న. ఫలానా మందు ఇస్తే ఆ అవకాశం ఎంత తగ్గుతుంది అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పే గుర్తు రెండోదానికి కూడా జవాబు చెబుతుందన్న నమ్మకం లేదు. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2నే తీసుకోండి. 1987లో డెన్నిస్ స్లామన్ బృందం 189 గడ్డలను పరిశీలించి, హెర్2 జన్యువు ప్రతులు పెరిగిన వారిలో జబ్బు త్వరగా తిరగబెడుతోందని, ప్రాణాలకు ముప్పు ఎక్కువని తేల్చింది. అప్పటికి అది చెడ్డ కబురు మాత్రమే. 1998లో ట్రాస్టుజుమాబ్ అమెరికాలో ఆమోదం పొందాక, అదే గుర్తు ఎవరికి ఆ మందు ఇవ్వాలో చెప్పే గుర్తు అయింది.

21 జన్యువుల పరీక్ష రెండు ప్రశ్నలకూ జవాబు వెతుకుతుంది. వాటిలో 16 జన్యువులు క్యాన్సర్‌కు సంబంధించినవి, మిగిలిన 5 పోల్చి చూడడానికి పెట్టినవి. కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెప్పే జన్యువుల గుంపుకు లెక్కలో ఎక్కువ బరువు ఉంటుంది. ఫలితం 0 నుంచి 100 వరకు ఒక అంకెగా వస్తుంది. ఈ అంకె ఆధారంగా చికిత్స నిర్ణయించవచ్చా అని పరీక్షించిన పెద్ద అధ్యయనం టైలర్‌ఎక్స్. 2018లో దాని ఫలితాలు వెలువడ్డాయి. పదివేలమందికి పైగా మహిళలు అందులో చేరారు. స్కోరు 11 నుంచి 25 మధ్య ఉన్నవారిని లాటరీ పద్ధతిలో రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి హార్మోను చికిత్స మాత్రమే, రెండో వర్గానికి కీమో కూడా కలిపి ఇచ్చారు. మొత్తం మీద చూస్తే, తొమ్మిదేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవారు మొదటి వర్గంలో 83.3 శాతం, రెండో వర్గంలో 84.3 శాతం. అంటే అధికశాతం మందికి కీమో అదనంగా ఇచ్చిందేమీ లేదు. కానీ 50 ఏళ్లు, అంతకు లోపు వయసువారిలో స్కోరు 16 నుంచి పైకి కొంత తేడా కనిపించింది. మీ ఇద్దరు డాక్టర్ల మధ్య తేడా అక్కడ పుట్టిందే.

గడ్డ పరిమాణం, గ్రేడు (క్యాన్సర్ కణాలు మామూలు కణాలకు ఎంత భిన్నంగా కనిపిస్తున్నాయన్న అంచనా) ఎంతో మీరు రాయలేదు. అవి తెలిస్తే ఇంకొంత స్పష్టంగా మాట్లాడుకోవచ్చు.

గణకుడు_77

నేను వైద్యుడిని కాను, గణాంకశాస్త్రం చదివి క్లినికల్ ట్రయల్స్ సమాచారం మీద పనిచేస్తున్నాను. జన్యువుల జాబితాలు చూపించి భవిష్యత్తు చెబుతామనే వారిని నమ్మే ముందు రెండు సంగతులు తెలుసుకోవాలి.

మొదటిది 2011లో డేవిడ్ వెనే, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన. రొమ్ము క్యాన్సర్ గతిని చెబుతాయంటూ అప్పటికి అచ్చయిన 47 జన్యు జాబితాలను వారు తీసుకుని, ఏ అర్థమూ లేకుండా చేతికందిన జన్యువులతో కూర్చిన జాబితాలతో పోల్చారు. అచ్చయిన వాటిలో 60 శాతం, ఆ చిల్లర జాబితాల కంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా లేవు. భోజనం తర్వాత నవ్వడం వల్ల మారే జన్యువుల జాబితా సైతం రొమ్ము క్యాన్సర్ గతిని గణాంకపరంగా "చెప్పగలిగింది". కారణం చిన్నదే: కణ విభజన వేగంతో ముడిపడిన జన్యువులు వేల సంఖ్యలో ఉంటాయి కాబట్టి, ఎలా ఏరినా వాటిలో కొన్ని చేతికి చిక్కుతాయి.

రెండోది డ్యూక్ విశ్వవిద్యాలయం వ్యవహారం. ఏ గడ్డకు ఏ కీమో మందు పనిచేస్తుందో జన్యువులను చూసి చెప్పవచ్చని 2006లో అక్కడినుంచి ఒక పత్రం వెలువడింది. ఎం.డి. ఆండర్సన్ సంస్థకు చెందిన కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ ఆ లెక్కలను తిరిగి చేసి చూస్తే, జన్యువుల పేర్లు పట్టికలో ఒక వరుస కిందికి జారి ఉన్నాయి. కొన్నిచోట్ల మందుకు లొంగే కణాలకూ, లొంగని కణాలకూ పేర్లు తారుమారయ్యాయి. ఈలోగా ఆ పద్ధతి ప్రకారం రోగులకు మందులు నిర్ణయించే ట్రయల్స్ కూడా నడిచాయి. 2010లో అవి పూర్తిగా ఆగిపోయాయి, ఆ తర్వాత పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. రిపోర్టు మీద అంకె దశాంశంతో సహా అచ్చయి ఉన్నంత మాత్రాన దాని వెనుక లెక్క గట్టిదని అనుకోనక్కరలేదు.

ఇంకొక మాట. 1.6 శాతం అన్నది గుంపు సగటు. మీ అక్కగారికి తిరగబెడితే నూటికి నూరు, లేకపోతే సున్నా, మధ్యలో 1.6 అనేది ఏ ఒక్క మనిషికీ జరగదు.

ఆంకో_విజయవాడ

గణకుడు గారి రెండు ఉదాహరణలూ నిజమే, ప్రతి ఆంకాలజీ విద్యార్థికీ చెప్పదగినవే. అయితే వాటిని ఈ పరీక్షకు అన్వయించడాన్ని నేను ఒప్పుకోను. వెనే చూపించింది, పాత రోగుల సమాచారంలో ఫలితంతో సంబంధం కనిపించినంత మాత్రాన ఒక జాబితాకు విలువ రాదని. టైలర్‌ఎక్స్‌లో జరిగింది వేరు: స్కోరును బట్టి నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో మనుషులను ముందుగా చేర్చుకుని, లాటరీ వేసి, ఏళ్ల తరబడి గమనించి చూశారు. నెదర్లాండ్స్‌లో రూపొందిన 70 జన్యువుల మమ్మాప్రింట్‌కు కూడా మైండాక్ట్ అనే అధ్యయనం ఉంది. పైకి ముప్పు ఎక్కువగా కనిపించినా జన్యు పరీక్షలో తక్కువ వచ్చినవారు కీమో లేకుండానే ఐదేళ్ల తర్వాత 94.7 శాతం మంది దూర అవయవాలకు జబ్బు పాకకుండా ఉన్నారని 2016లో ప్రకటించారు. స్కోరులో ప్రధానంగా ఉన్నది కణ విభజన వేగమే కావచ్చు. అదేమీ లోపం కాదు. దాన్ని ఏ ప్రయోగశాలలో కొలిచినా ఒకేలా వచ్చేట్టు కొలవడమే అందులో కష్టమైన పని.

గణకుడు_77

మైండాక్ట్ విషయంలో మీరు చెప్పినదానికి ఒక చేర్పు. అదే గుంపులో కీమో తీసుకున్నవారికీ తీసుకోనివారికీ మధ్య 1.5 శాతం పాయింట్ల తేడా ఉంది. దాన్ని "తేడా లేదు" అనాలా, "కొంచెం ఉంది" అనాలా అన్నది లెక్క తేల్చదు. జుట్టు ఊడడం, నరాల తిమ్మిరి, అరుదుగా గుండెకు దెబ్బ వంటివి భరించి ఆ ఒకటిన్నర శాతాన్ని కోరుకునేవారూ ఉంటారు, వద్దనుకునేవారూ ఉంటారు. ఆ ఎంపిక రోగిది. మిగతా విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. లాటరీ వేసి చేసిన అధ్యయనం ఉన్న పరీక్షకూ, లేని పరీక్షకూ పోలిక పెట్టకూడదు.

తిరుపతి_రమణ

మా ఇంట్లో ఆవిడకు ఇదే పరిస్థితి వచ్చినప్పుడు ఈ పరీక్ష ఖర్చు భరించే శక్తి మాకు లేకపోయింది. అప్పుడు డాక్టరు గారు ఈఆర్, పీఆర్, హెర్2, కేఐ-67 (కణ విభజన వేగాన్ని చూపే గుర్తు) విలువలతో మేగీ సూత్రం ప్రకారం లెక్కవేసి చూశారు. అది పిట్స్‌బర్గ్ వారు ఉచితంగా అందుబాటులో ఉంచిన లెక్క. అందులో స్కోరు బాగా తక్కువ వచ్చింది కాబట్టి పెద్ద పరీక్ష అవసరం లేదన్నారు. బెంగళూరులో తయారైన క్యాన్‌అసిస్ట్ అనే పరీక్ష కూడా ఉంది. అది జన్యువులకు బదులు ఐదు ప్రోటీన్లను చూస్తుంది, ఖర్చు తక్కువ. డబ్బు సమస్య ఉన్నవారు ముందు వీటి గురించి అడగడం మంచిది.

స్లైడ్ల_మాధవి

నేను పాథాలజిస్టును. ఈ చర్చలో అందరూ అంకె దగ్గర మొదలుపెడుతున్నారు. అంకె పుట్టేది బ్లాకులో.

ఆపరేషన్ థియేటర్లో తీసిన గడ్డను వెంటనే తగినంత ఫార్మలిన్‌లో (కణజాలం పాడవకుండా ఉంచే ద్రవంలో) వేయాలి. పెద్ద ముక్కనైతే కోసి మరీ వేయాలి, లేకపోతే మందు లోపలికి ఇంకదు. కనీసం 6 గంటలు, 72 గంటలు మించకుండా ఉంచాలన్నది నియమం. శనివారం సాయంత్రం ఆపరేషన్ అయి, చిన్న సీసాలో కుక్కిన ముక్క సోమవారం ల్యాబుకు చేరితే ఈఆర్ పాజిటివ్ కాస్తా నెగటివ్‌గా కనిపించే ప్రమాదం ఉంది, జన్యు పరీక్ష కొలిచే ఆర్‌ఎన్‌ఏ కూడా ముక్కలైపోతుంది. తర్వాత ఏ దేశానికి పంపినా పోయినది తిరిగి రాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మొదట సూదితో ముక్క తీసిన చోట గాయం మానుతూ ఉంటుంది; అక్కడ కొత్తగా పుట్టే కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి. ఆ భాగం కలిస్తే స్కోరు ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. అందుకే స్లైడు మీద క్యాన్సర్ ఉన్న చోటును పెన్నుతో గీసి, గాయం మచ్చను వదిలేసి, ఆ గీత లోపలి కణజాలాన్నే గీకి తీస్తారు. స్కోరు మీ పాథాలజీ రిపోర్టుకు పొంతన లేకుండా ఉంటే, ఉదాహరణకు గ్రేడు 1, కేఐ-67 తక్కువ ఉండి స్కోరు 35 వచ్చిందంటే, స్లైడ్లు మరోసారి చూడమని అడిగే హక్కు మీకు ఉంది. సుధ గారి రిపోర్టులో జన్యు పరీక్ష చెప్పిన ఈఆర్, పీఆర్, హెర్2 విలువలు విడిగా అచ్చయి ఉంటాయి. అవి ఇక్కడి ల్యాబు రిపోర్టుతో సరిపోతున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

సుధ_హనుమకొండ

మాధవి గారూ, చూశాను. మూడూ సరిపోతున్నాయి. గడ్డ పరిమాణం 1.8 సెంటీమీటర్లు, గ్రేడు 2.

ఆంకో_విజయవాడ

అయితే ఇది చదవండి. టైలర్‌ఎక్స్ వారే 2019లో స్కోరుకు గడ్డ పరిమాణాన్ని, గ్రేడును జతచేసి మళ్లీ లెక్కించారు. గ్రేడు 1 అయితే 3 సెంటీమీటర్ల వరకు, గ్రేడు 2 అయితే 2 సెంటీమీటర్ల వరకు, గ్రేడు 3 అయితే 1 సెంటీమీటరు వరకు ముప్పు తక్కువ అని వర్గీకరించారు. 50 ఏళ్లు, అంతకు లోపు వయసులో స్కోరు 16 నుంచి 20 మధ్య ఉండి, ఈ లెక్కలో ముప్పు తక్కువైన వారికి కీమో వల్ల ఒరిగింది దాదాపు ఏమీ కనబడలేదు. అదే స్కోరుతో ముప్పు ఎక్కువైన వారిలో ఆరున్నర శాతం పాయింట్ల తేడా ఉంది. మీ కాగితం మీద ఉన్న 1.6 ఈ రెండు గుంపులనూ కలిపేసిన సగటు. మీరు రాసిన వివరాలు సరైనవైతే మీ అక్కగారు మొదటి గుంపులోకి వస్తారు.

ఇక రెండో డాక్టరు గారు అన్న ఇంజెక్షన్ సంగతి. చిన్న వయసువారిలో కీమో అండాశయాలను కూడా దెబ్బతీసి నెలసరిని ఆపేస్తుంది. ఈ గుంపులో కనిపించిన ప్రయోజనంలో కొంత, బహుశా చాలా భాగం, క్యాన్సర్ కణాలను చంపడం వల్ల కాక ఈస్ట్రోజన్ తగ్గిపోవడం వల్లే వచ్చిందని మాలో చాలామంది అనుమానం. టైలర్‌ఎక్స్‌లో అండాశయాల పనిని ఆపే మందు అందింది తక్కువమందికే. 1 నుంచి 3 గ్రంథులకు జబ్బు పాకినవారి మీద జరిగిన ఆర్‌ఎక్స్‌పాండర్ అధ్యయనంలో కూడా ఇదే తీరు: నెలసరి ఆగిపోయినవారికి 25 లోపు స్కోరుతో కీమో వల్ల లాభం లేదు, నెలసరి ఉన్నవారికి ఉంది. ఈ ముడిని విప్పడానికే ఆఫ్‌సెట్ అనే అధ్యయనం అమెరికాలో ప్రస్తుతం నడుస్తోంది. అందులో అందరికీ అండాశయాల పనిని ఆపే మందు ఇచ్చి, సగంమందికి కీమో కలుపుతారు. అంతవరకు ఇది డాక్టర్ల మధ్య న్యాయమైన అభిప్రాయభేదమే, ఎవరూ మిమ్మల్ని తప్పుదారి పట్టించడం లేదు.

ఇంజెక్షన్ కూడా తేలికైనదేమీ కాదు. ఒంట్లో వేడి సెగలు, కీళ్ల నొప్పులు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, ఎముకలు పలచబడతాయి. మొదలుపెట్టే ముందు డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రత పరీక్ష) గురించి అడగండి.

డల్లాస్_లలిత

ఇక్కడ పరిశోధన సమన్వయం చేసే ఉద్యోగంలో ఉన్నాను. ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని అంశం ఒకటి ఉంది. ఈ అంకెలన్నీ ఎక్కువగా అమెరికా, యూరప్ శ్వేతజాతి మహిళల నుంచి వచ్చాయి. అదే టైలర్‌ఎక్స్‌లో నల్లజాతి మహిళలకు స్కోరు, చికిత్స ఒకేలా ఉన్నా ఫలితాలు అధ్వానంగా ఉన్నాయని తర్వాత తేలింది. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కంటే సుమారు పదేళ్లు ముందుగా కనిపిస్తుంది కాబట్టి నెలసరి ఇంకా ఉన్నవారి వంతు ఎక్కువ. అంటే పరీక్ష ఎక్కడ తడబడుతుందో, మన రోగులు ఎక్కువగా ఉండేది అక్కడే. ఈ పరీక్ష పనికిరాదని నా ఉద్దేశం కాదు. ఆ శాతాలను మన ఊరి శాతాలుగా చదవకూడదని అంటున్నాను.

గణకుడు_77

లలిత గారి మాట చాలా ముఖ్యమైనది. సాధారణంగా ఇలాంటి చోట్ల ఎవరి ముప్పు ఎక్కువ, ఎవరిది తక్కువ అన్న వరుస చాలావరకు నిలుస్తుంది. ఎంత శాతం అన్న అంకె మాత్రం కొత్త ప్రజల్లో సరిచూసుకుంటే తప్ప నిలవదు.

కిరణ్_రాజమండ్రి

క్షమించాలి, నాది రొమ్ము క్యాన్సర్ సంగతి కాదు, కానీ ప్రశ్న ఇదే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. మా నాన్నగారికి ఏఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) అని తేలింది. రిపోర్టులో ఎన్‌పీఎం1 అనే జన్యువులో మార్పు ఉంది, ఎఫ్ఎల్‌టీ3-ఐటీడీ అనే మరో జన్యు మార్పు కూడా ఉంది. ఇంటర్నెట్‌లో ఒకచోట ఇది చెడ్డదని, మరోచోట మధ్యరకమని ఉంది. ఏది నమ్మాలి?

ఆంకో_విజయవాడ

కిరణ్ గారూ, రెండూ ఆయా కాలాలకు సరైనవే. ఎఫ్ఎల్‌టీ3-ఐటీడీ ఉంటే జబ్బు త్వరగా తిరగబెడుతుందని చాలా ఏళ్లుగా తెలుసు. ఆ మార్పును అడ్డుకునే మిడోస్టారిన్ అనే మందు 2017లో ఆమోదం పొందింది. యూరోపియన్ ల్యుకేమియా నెట్ వారు 2022లో వర్గీకరణను సవరించి, ముప్పు తీవ్రమని చెప్పే ఇతర మార్పులు లేకపోతే ఎఫ్ఎల్‌టీ3-ఐటీడీ ఉన్నవారిని మధ్య వర్గంలో చేర్చారు. చికిత్స మారినప్పుడల్లా గుర్తు అర్థం మారుతుంది. పాత వ్యాసంలో మీరు చదివిన శాతం, ఆ మందు లేని కాలంలో చికిత్స పొందినవారిది. ఇంకొకటి, ఏఎంఎల్‌లో మొదటి రోజు జన్యు రిపోర్టు కంటే, కీమో తర్వాత ఎన్‌పీఎం1 ఆనవాళ్లు ఎముక మజ్జలో, రక్తంలో ఎంత మిగిలాయన్నది ముందుదారి గురించి ఎక్కువ చెబుతుంది. "ఎంఆర్‌డీ (ఇలా మిగిలిన ఆనవాళ్ల పరీక్ష) ఎప్పుడెప్పుడు చూస్తారు" అని మీ హెమటాలజిస్టును అడగండి. నాన్నగారి వయసు, ఆరోగ్యాన్ని బట్టి మజ్జ మార్పిడి చర్చ కూడా ముందుగానే మొదలుపెట్టాలి.

సుధ_హనుమకొండ

అందరికీ కృతజ్ఞతలు. 2019 నాటి ఆ వర్గీకరణ గురించి మొదటి డాక్టరు గారిని నేరుగా అడిగాను. దాన్ని ఆయన కొట్టివేయలేదు; అయితే లింఫు నాళాల్లో క్యాన్సర్ కణాలు కనిపించాయని పాథాలజీ రిపోర్టులో ఉండడం వల్ల కీమో వైపు మొగ్గానని చెప్పారు. ట్యూమర్ బోర్డులో (వేర్వేరు నిపుణులు కలిసి కేసును చర్చించే సమావేశంలో) పెట్టి ఇద్దరూ కలిసి మాట్లాడతామన్నారు. అక్క మాత్రం ఇంజెక్షన్ వైపే ఉంది.

ఇంకొక సందేహం. అక్కకు వచ్చింది కాబట్టి నేను కూడా ఈ 21 జన్యువుల పరీక్ష చేయించుకోవాలా? నాకు 39 ఏళ్లు.

స్లైడ్ల_మాధవి

అక్కర్లేదు సుధ గారూ, అసలు చేయడానికి వీలుకాదు. ఆ పరీక్ష చూసేది గడ్డలోని జన్యువులు ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయన్నది. గడ్డ లేనివారికి చూడడానికి ఏమీ ఉండదు. అక్కగారి స్కోరు 19 అయినా 50 అయినా మీ ముప్పు గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

మీరు అడగవలసింది పుట్టుకతో వచ్చే మార్పుల పరీక్ష. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, పీఏఎల్‌బీ2 వంటి జన్యువులను రక్తంలోనో, ఉమ్మిలోనో చూస్తారు. 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి ఇది చేయించమని మార్గదర్శకాలు చెబుతాయి, కాబట్టి ముందు అక్కగారికి చేయించండి. ఆమెలో హానికరమైన మార్పు దొరికితే, మీలో కూడా అది ఉండే అవకాశం సగానికి సగం. అప్పుడు మీకు ఆ ఒక్క మార్పు కోసమే వెతికితే సరిపోతుంది, ఖర్చు కూడా తక్కువ. ముందుగా మీకు చేయించి ఏమీ లేదని తేలితే, కుటుంబంలో అసలు లేదా, ఉండి మీకు రాలేదా అన్నది తేలదు. బీఆర్‌సీఏ మార్పు దొరికితే అక్కగారి చికిత్స కూడా మారవచ్చు, రెండో రొమ్ము, అండాశయాల విషయం ఆలోచించవలసి వస్తుంది. అందువల్ల ట్యూమర్ బోర్డు కూర్చునేలోపే రక్తం ఇచ్చేయమని చెప్పండి.